నాన్న ఇచ్చిన స్థలం అమ్మి గ్రీన్‌కార్డు తెచ్చుకోవాలా?

ఆరు పేజీల ఉత్తరం వచ్చింది. రాసినావిడకు 44 ఏళ్లు. భర్త, ఆయన అన్నగారు కలిసి అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీ నడుపుతున్నారు. వ్యాపారం బాగానే ఉంది. అమ్మాయి అమెరికాలో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది, 19 నిండి ఎనిమిది నెలలైంది. అబ్బాయికి 13. ఈవిడ తల్లి మూడేళ్లుగా వీళ్లింట్లోనే ఉంటున్నారు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. తల దువ్వడం దగ్గర్నుంచి అన్నీ కూతురే చూసుకోవాలి.

2025 మొదట్లో భర్త ఒక హోటల్లో జరిగిన సెమినార్‌కు వెళ్లొచ్చారు. కెనడా స్టార్టప్ వీసాలో ఐదుగురు భాగస్వాముల్లో ఒకరిగా చేరితే చాలు, ఇంటిల్లిపాదికీ పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, వస్తుందని కన్సల్టెంట్ చెప్పాడు. ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పకుండా అడ్వాన్స్ కట్టేశారు. ఆ ఏడాది చివరికి కెనడా ఆ పథకంలో కొత్త దరఖాస్తులు ఆపేసింది. డబ్బు వెనక్కి అడిగితే, ‘వెనక్కి ఇవ్వడం కుదరదు సార్, అమెరికా ఇన్వెస్టర్ గ్రీన్‌కార్డుకు మారండి, అందులో సర్దుబాటు చేస్తాం’ అన్నాడు. దానికి ఎనిమిది లక్షల డాలర్లు కావాలి. ఫ్యాక్టరీలోంచి అంత సొమ్ము తీయాలంటే అన్నగారికి చెప్పాలి. చెప్పకుండా అమ్మగలిగింది ఒక్కటే: ఈవిడకు తండ్రి రాసిచ్చిన స్థలం. అది అమ్మి, వచ్చిన డబ్బు భర్తకు బహుమతిగా ఇచ్చినట్టు గిఫ్ట్ డీడ్ మీద సంతకం చేయమంటున్నారు. 2026 సెప్టెంబరు 30 లోపు ఫైలు పడకపోతే అవకాశం పోతుందని రోజూ ఫోన్లు.

‘సంతకం పెట్టకపోతే పిల్లల భవిష్యత్తుకు అడ్డుపడినదాన్ని అవుతాను. పెడితే మా అమ్మను ఎవరికి అప్పగించి వెళ్లాలి? ఈ మాట పైకి అంటే అమ్మ కోసం పిల్లల్ని ముంచుతున్నానంటారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు’ అని రాశారు.

అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు వీసా గురించిన ప్రశ్న అనుకున్నాను. రెండోసారి చదివితే ఒకే దారానికి మూడు ముడులు కనిపించాయి. అడ్వాన్స్ పోయిన బాధ ఒకటి, అమ్మాయి వయసు ఒకటి, మీ అమ్మగారు ఒకటి. మీ ఒక్క సంతకంతో మూడూ విడిపోతాయని కన్సల్టెంట్ అంటున్నాడు. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

కెనడా అగ్రిమెంట్ నాలుగో పేజీ ఫొటో తీసి పంపారు. 12వ పేరా కింద మీరే కాబోలు పెన్సిల్‌తో గీత గీశారు. ‘మద్దతు లేఖ కొరకు ఫైలు సమర్పించుటతో సంస్థ సేవ పూర్తయినట్లు పరిగణించబడును.’ మీవారు పీఆర్ కోసం డబ్బు కట్టాననుకున్నారు. ఈ వాక్యం ప్రకారం ఆయన కట్టింది ఒక ఫైలు పంపినందుకు. ఆ ఫైలు ఆమోదం పొందినా, పొందకపోయినా, అసలు పథకమే మూతపడినా, వాళ్ల లెక్కలో వాళ్ల పని అయిపోయింది.

ఆ పథకం ఉద్దేశం మంచిదే. 2013లో ప్రయోగంగా మొదలుపెట్టి 2018లో శాశ్వతం చేశారు. కొత్త ఆలోచన ఉన్నవాళ్లు కెనడా ప్రభుత్వం గుర్తించిన ఒక సంస్థను ఒప్పించాల్సి ఉండేది. అది కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టే వెంచర్ క్యాపిటల్ ఫండ్ అయితే ఆ కంపెనీలో కనీసం రెండు లక్షల కెనడా డాలర్లు పెట్టాల్సి వచ్చేది. సొంత డబ్బు పెట్టే ఏంజెల్ ఇన్వెస్టర్ల బృందమైతే 75 వేలు. కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే ఇంక్యుబేటర్ అయితే డబ్బు పెట్టనక్కర్లేకపోయేది, మా దగ్గర చేర్చుకుంటున్నామని లేఖ ఇస్తే సరిపోయేది. ఒక కంపెనీ తరఫున ఐదుగురి దాకా దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. లేఖ ఉంటే సరిపోవడం, ఐదుగురికి చోటుండడం, ఈ రెండు సందుల్లోంచే బేరగాళ్లు దూరారు. ఎవరిదో ఆలోచన, ఎవరిదో కంపెనీ, అందులో నాలుగోవాడిగా ఐదోవాడిగా డబ్బున్నవాళ్లను కూర్చోబెట్టడం ఒక వ్యాపారమైంది. దరఖాస్తులు కొండలా పేరుకున్నాక, 2024 ఏప్రిల్ 30 నుంచి ఒక్కో సంస్థ ఏడాదికి పది కంపెనీలకు మించి పంపకూడదని కెనడా కట్టడి పెట్టింది. మీవారు సెమినార్‌కు వెళ్లింది ఆ కట్టడి వచ్చిన తర్వాత. ఆ సంగతి అక్కడ చెప్పారేమో ఆయన్ని అడగండి.

పోయిన డబ్బుకన్నా నన్ను కంగారుపెట్టిన మాట ఇంకొకటి ఉంది. ఆ కంపెనీలో తాను ‘చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్’ అని ఆయన సంతకం చేశారని, అది ఏం చేసే కంపెనీ అని మీరు అడిగితే ‘ఏదో యాప్’ అన్నారని రాశారు. కెనడా చట్టంలో తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే ఐదేళ్లు ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు. కాగితం కన్సల్టెంట్ తయారుచేశాడన్న మాట అక్కడ చెల్లదు, సంతకం చేసినవారిదే బాధ్యత. కాబట్టి డబ్బు సంగతికి ముందు మీవారు కన్సల్టెంట్ నుంచి ఒక జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోవాలి: తన పేరుతో, తన సంతకంతో ఏ సంస్థకు, ఏ దేశానికి, ఏయే కాగితాలు వెళ్లాయి? వెళ్లినవాటి నకళ్లు కావాలి. ఇమిగ్రేషన్ ఫారాలు చాలావాటిలో పాత దరఖాస్తుల సంగతి అడుగుతారు. తన పేరుమీద ఏం వెళ్లిందో తనకే తెలియకుండా జవాబు రాస్తే కొత్త చిక్కు మొదలవుతుంది.

డబ్బు విషయంలోనూ పూర్తిగా ఆశ వదులుకోనక్కర్లేదు. ఫీజు తీసుకుని కెనడా ఇమిగ్రేషన్ సలహా ఇచ్చేవారు అక్కడి లాయరైనా అయి ఉండాలి, కెనడా ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీలో లైసెన్సు ఉన్నవారైనా కావాలి. ఆ కాలేజీ రిజిస్టర్ ఎవరైనా చూసుకోవచ్చు. మీ కన్సల్టెంట్ పేరు అందులో ఉంటే ఫిర్యాదు చేయడానికి ఒక చోటు దొరికినట్టే. లేకపోతే, లైసెన్సు లేకుండా ఫీజు తీసుకున్నాడన్న మాట మీ చేతిలో ఉంటుంది. రెండింట్లో ఏదైనా సరే, ‘సర్దుబాటు’ ఒప్పుకునే ముందే చూసుకోవాలి. సర్దుబాటుకు సంతకం పెడితే పాత బాకీ చెల్లిపోయిందని మీరే రాసిచ్చినట్టవుతుంది.

ఇక మీవారి మనసు. ఆయన చెడ్డవారని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, నాకూ అనిపించలేదు. అన్నగారికి చెప్పకుండా డబ్బు కట్టారు, అది పోయింది, ఇప్పుడు ఆ మాట బయటపడకుండా ఉండాలి. పోయినదాన్ని దక్కించుకోవాలన్న తాపత్రయంలో దానికి ఎన్నో రెట్ల విలువైన స్థలాన్ని ముందుకు తోస్తున్నారు. కన్సల్టెంట్‌కు ఈ నాడి బాగా దొరికింది. ‘నేను ముందే చెప్పాను కదా’ అన్న మాట మీ నోట రానివ్వకండి. ఒక్క ప్రశ్న అడగండి: ‘మీరు కెనడాకు పైసా కట్టలేదనుకుందాం. ఈ రోజు ఎవరో కొత్త మనిషి వచ్చి అమెరికా పథకం చెబితే, నాన్న స్థలం అమ్ముదామని మీరు నన్ను అడిగేవారా?’ అడిగి ఊరుకోండి. వెంటనే జవాబు రాకపోయినా ఫర్వాలేదు. ‘అవును’ అంటే, పిల్లల కోసమే అడుగుతున్నారని మీకు తెలుస్తుంది. అప్పుడు పథకం మంచిచెడ్డలు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. మాట తడబడితే, ముందు తేల్చుకోవాల్సింది అడ్వాన్స్ సంగతే. అది బావగారితో మీవారు చెప్పేసుకోవడం కష్టమే అయినా, స్థలం అమ్మడం కన్నా చవక.

అమెరికా పథకం పేరు ఈబీ-5. 1990 నాటి చట్టంతో వచ్చింది. 2022 మార్చిలో దాన్ని బాగా మార్చారు. గ్రామీణ ప్రాంతంలోనో, నిరుద్యోగం ఎక్కువగా ఉన్నచోటో, ప్రభుత్వ మౌలిక వసతుల ప్రాజెక్టులోనో పెడితే ఎనిమిది లక్షల డాలర్లు, మిగతా చోట్ల పదిన్నర లక్షలు. ఆ డబ్బు వల్ల పదిమందికి పూర్తికాలం ఉద్యోగాలు రావాలి. మొదట రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు ఇస్తారు. ఉద్యోగాలు వచ్చాయని రుజువు చేశాకే షరతులు తీసేస్తారు. అంటే మీ పిల్లల గ్రీన్‌కార్డు మీరెన్నడూ చూడని ఒక బిల్డర్ సకాలంలో భవనం కట్టడం మీద ఆధారపడి ఉంటుంది.

‘పెట్టుబడి సేఫ్, ఐదేళ్లలో వెనక్కి వస్తుంది, గ్యారంటీ’ అని కన్సల్టెంట్ చెప్పాడని రాశారు. ఈబీ-5లో డబ్బు నష్టభయంతో ఉండి తీరాలి, ఇది చట్టం పెట్టిన షరతు. తిరిగి ఇస్తామని ఖాయంగా రాసిస్తే అది పెట్టుబడి కిందకు రాదు, అప్పవుతుంది, దరఖాస్తు తిరస్కరిస్తారు. 1998లో ‘మ్యాటర్ ఆఫ్ ఇజుమీ’ అన్న నిర్ణయం నుంచీ ఇదే పద్ధతి. కాబట్టి గ్యారంటీ రాసిచ్చాడంటే మీ ఫైలుకే చేటు, నోటితో ఇచ్చాడంటే దానికి విలువ లేదు. చట్టం ప్రకారం డబ్బు కనీసం రెండేళ్లు ఉండాలి. ప్రాజెక్టు కాగితాల్లో మాత్రం ఐదారేళ్లని ఉండడం మామూలు. ఎనిమిది లక్షలు కాకుండా అడ్మినిస్ట్రేషన్ ఫీజు, లాయర్ ఫీజు, ప్రభుత్వ ఫీజులు విడిగా ఉంటాయి, అవి ఎలాగూ తిరిగిరావు. ప్రాజెక్టు దెబ్బతింటే ముందు బ్యాంకు తన అప్పు వసూలు చేసుకుంటుంది, ఏమైనా మిగిలితే మీ వంతు. ఈ డబ్బు మొత్తం పోయినా మన ఇల్లు నిలబడుతుందా అన్నది లెక్క వేసుకుని, నిలబడుతుందంటేనే ముందుకు వెళ్లాలన్నది నా గట్టి అభిప్రాయం.

‘ప్రభుత్వం ఆమోదించిన ప్రాజెక్టు’ అని మీవారు పదేపదే అంటున్నారట. వర్మాంట్ రాష్ట్రంలో జే పీక్ అనే స్కీ రిసార్ట్ కథ ఆయనకు చెప్పండి. అక్కడి ఈబీ-5 రీజినల్ సెంటర్‌ను, అంటే చాలామంది ఇన్వెస్టర్ల డబ్బును ప్రాజెక్టులకు చేర్చే సంస్థను, నడిపింది సాక్షాత్తూ రాష్ట్ర ప్రభుత్వం. ఎన్నో దేశాల కుటుంబాల నుంచి 35 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. కొత్తగా వచ్చినవాళ్ల డబ్బుతో పాత ప్రాజెక్టుల బొక్కలు పూడ్చారని 2016 ఏప్రిల్‌లో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ కేసు పెట్టింది. దగ్గర్లోని న్యూపోర్ట్ పట్టణంలో మెయిన్ స్ట్రీట్ మీద ఒక బ్లాకు బ్లాకంతా భవనాలు కూల్చేశారు, కొత్తవి కడతామని. కట్టలేదు. ఊరి నడిబొడ్డున ఏళ్ల తరబడి పెద్ద గొయ్యి మిగిలింది. రిసార్ట్ యజమాని ఏరియల్ కిరోస్‌కు 2022లో ఐదేళ్ల జైలుశిక్ష పడింది. అన్ని ప్రాజెక్టులూ ఇలాగే ఉంటాయని నేననడం లేదు. సక్రమంగా పూర్తయి, గ్రీన్‌కార్డూ డబ్బూ రెండూ దక్కినవాళ్లు ఉన్నారు. ప్రభుత్వం చూసేది ప్రాజెక్టు నిబంధనల ప్రకారం ఉందా అని. లాభం వస్తుందా అని చూసిపెట్టడం దాని పని కాదు.

2022 చట్టం మీ చేతికి ఒక మంచి ఆయుధం ఇచ్చింది. ఈబీ-5 ప్రాజెక్టును అమ్మిపెట్టే మధ్యవర్తులు, విదేశాల్లో ఉన్నా సరే, అమెరికా ఇమిగ్రేషన్ శాఖ దగ్గర నమోదు కావాలి. మీ పెట్టుబడి మీద వాళ్లకు ముట్టే కమిషన్ ఎంతో రాసి, దాని మీద ఇన్వెస్టర్ సంతకం తీసుకోవాలి. ఆ నమోదు కాగితం, కమిషన్ కాగితం చూపించమని అడిగించండి. కమిషన్ అంకె చూశాక, ‘అడ్వాన్స్ సర్దుబాటు’ అన్న ఔదార్యం ఎవరి జేబులోంచి వస్తోందో మీకే అర్థమవుతుంది. కాగితం ఇవ్వకుండా మాట దాటేస్తే ఇక ఆ మనిషితో పని లేదు. లాయర్‌ను కూడా మీరే వెతుక్కుని, మీరే ఫీజు ఇచ్చి పెట్టుకోండి. ప్రాజెక్టువాళ్లు చూపించిన లాయర్ ప్రాజెక్టును కాదనలేడు.

ఇప్పుడు మీ సంతకం. ఈబీ-5లో ప్రతి డాలరు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏయే ఖాతాల మీదుగా వెళ్లిందో చూపాలి. బహుమతిగా వచ్చిన డబ్బు ఒప్పుకుంటారు, కానీ అది నిజమైన బహుమతి అయి ఉండాలి, తిరిగి ఇవ్వాల్సింది కాదని రాయాలి. అంటే గిఫ్ట్ డీడ్ మీద సంతకం పెట్టిన క్షణం నుంచి ఆ డబ్బు మీవారిది. పెట్టుబడిదారు ఆయన, వాటా ఆయనది, రేపు వెనక్కి వచ్చేదీ ఆయన ఖాతాకే. ‘ఊరికే ఫార్మాలిటీ’ అని మీకు చెప్పారట. ఫార్మాలిటీ అని చెప్పి తీసుకుంటే అది అమెరికాకు చెప్పే అబద్ధం అవుతుంది, నిజంగా తీసుకుంటే మీ స్థలం మీది కాకుండా పోతుంది.

ఇంకో దారి ఉంది, మీకెవరూ చెప్పినట్టు లేరు. డబ్బు మీది కాబట్టి దరఖాస్తుదారు మీరే కావచ్చు. మీ పేరుమీద పెట్టుబడి, మీవారు, పిల్లలు మీమీద ఆధారపడినవారిగా వస్తారు. కుటుంబానికి దక్కే గ్రీన్‌కార్డులు అవే. నష్టం వస్తే మీకే వస్తుంది, నిజమే, కానీ వెనక్కి వచ్చినప్పుడూ మీకే వస్తుంది. ఈ మాట మీవారి దగ్గర అనండి. ఆయన ‘సరే’ అంటే మీ మధ్య చాలా భారం దిగిపోతుంది. ‘ఇంటి పెద్దను నేనుండగా నీ పేరేమిటి’ అంటే, ఆ మాట కూడా వినాల్సిందే.

అమ్మాయి వయసు దగ్గరికి వద్దాం, ఇక్కడ ఆయన భయం నిజమైనదే. పెళ్లికాని పిల్లలు 21 లోపు ఉంటేనే తల్లిదండ్రులతోపాటు గ్రీన్‌కార్డు. మీ అమ్మాయికి 21 నిండడానికి ఏడాదీ నాలుగు నెలలుంది. కాస్త ఊరట ఏమిటంటే, దరఖాస్తు పరిశీలనలో ఉన్న రోజులను వయసులోంచి తీసేస్తారు. వీసా నంబరు కోసం క్యూలో నిలబడ్డ రోజులను తీసేయరు. ఈ క్యూకు పౌరసత్వంతో పనిలేదు, పుట్టిన దేశమే లెక్క. మామూలు కోటాలో చైనాలో, భారత్‌లో పుట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఆగాల్సి వస్తోంది. అందుకే 2022 చట్టం గ్రామీణ ప్రాజెక్టులకు 20 శాతం, నిరుద్యోగ ప్రాంతాలకు 10 శాతం, మౌలిక వసతులకు 2 శాతం వీసాలు వేరుగా పెట్టింది. మీకు చూపించిన ప్రాజెక్టు వీటిలో దేని కిందకు వస్తుందో, ఆ వరుసలో ఈ నెల ఎదురుచూపు ఉందో లేదో లాయర్ ఒక్క నిమిషంలో చెప్పగలరు. అమ్మాయి విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే.

అమ్మాయే దరఖాస్తుదారు కావడం ఇంకో పద్ధతి. మీరు డబ్బు ఆమెకు ఇస్తారు, పెట్టుబడి ఆమె పేరుమీద. ఇక 21 అన్న గడువుతో పనిలేదు. అమెరికాలోనే ఉంది కాబట్టి, వీసా నంబరు అందుబాటులో ఉంటే అక్కడి నుంచే గ్రీన్‌కార్డు దరఖాస్తూ కలిపి పెట్టుకోవచ్చు. మీరు ఇల్లు కదలక్కర్లేదు, అమ్మగారి దగ్గరే ఉండొచ్చు. కానీ అబ్బాయికి దీనివల్ల ఏమీ రాదు. అక్క పౌరురాలయ్యాక తమ్ముడికి పెట్టే దరఖాస్తుకు దశాబ్దాలు పడుతుంది. రేపు ‘అక్కకు స్థలం, నాకేమిటి’ అని వాడు అడిగితే జవాబు మీ దగ్గరుండాలి. పైగా ఎనిమిది లక్షల డాలర్ల బరువు 19 ఏళ్ల పిల్ల నెత్తిన పెడుతున్నాం. ప్రాజెక్టు మునిగితే తాత ఇచ్చిన స్థలం తనవల్లే పోయిందని ఆ పిల్ల జీవితాంతం మోస్తుంది.

ఆరు పేజీల్లో అమ్మాయి చదువు ఉంది, వయసు ఉంది, ఫీజులున్నాయి. ఆమె అక్కడే ఉండిపోవాలనుకుంటోందో లేదో ఒక్క వాక్యం లేదు. అడిగారా?

సెప్టెంబరు 30 గడువు కన్సల్టెంట్ కల్పించింది కాదు. రీజినల్ సెంటర్ పథకానికి 2027 సెప్టెంబరు 30 దాకా అనుమతి ఉంది. 2026 సెప్టెంబరు 30 లోపు పడిన దరఖాస్తులకు మాత్రం, తర్వాత పథకం ఆగినా పరిశీలన ఆగదన్న రక్షణ ఉంది. 2027 జనవరి నుంచి ద్రవ్యోల్బణాన్ని బట్టి కనీస పెట్టుబడి కూడా పెరుగుతుంది. అంటే ఆ తేదీ దాటితే తలుపు మూసుకుపోదు, రక్షణ తగ్గుతుంది, ధర పెరుగుతుంది. ఆ పెరిగే మొత్తాన్ని, చూసుకోకుండా దిగితే పోయే మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. తొందరలో దొరికిన కొనుగోలుదారుకు స్థలం అమ్మితే తగ్గే ధర కూడా ఆ లెక్కలో వేయండి. గోల్డ్ కార్డుతో పోల్చి ఈబీ-5 చవకంటున్నారట. 2025లో వచ్చిన ఆ పథకంలో పది లక్షల డాలర్లు అమెరికా ప్రభుత్వానికి కానుకగా ఇచ్చేయాలి. దానితో పోలిస్తే ఏదైనా చవకగానే కనిపిస్తుంది.

గ్రీన్‌కార్డు వచ్చాక ఎవరు అక్కడ ఉంటారన్నది కూడా ఇంట్లో తేల్చుకోలేదు. మీవారు ఫ్యాక్టరీ చూసుకుంటూ ఏడాదికోసారి వెళ్లొస్తానంటున్నారు. గ్రీన్‌కార్డు అలా చుట్టపుచూపు కోసం ఇచ్చేది కాదు. ముందస్తు అనుమతి లేకుండా ఏడాదికి మించి బయట ఉంటే అది పోయే ప్రమాదం ఉంది, అంతకన్నా తక్కువున్నా విమానాశ్రయంలో ప్రశ్నలు తప్పవు. పైగా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకు లెక్క చెప్పాలి. బయటి బ్యాంకు ఖాతాలన్నీ కలిపి పదివేల డాలర్లు దాటితే ఏటా వివరాలివ్వాలి. అన్నదమ్ముల ఫ్యాక్టరీలో ఆయన వాటా కూడా ఆ కాగితాల్లోకి ఎక్కుతుంది. కాబట్టి బావగారికి చెప్పకుండా ఈ పని జరిగిపోతుందన్నది భ్రమే.

ఇక మీ అమ్మగారు. ఈబీ-5లో భార్య లేదా భర్త, పిల్లలు మాత్రమే వస్తారు, తల్లిదండ్రులకు చోటు లేదు. ఈ మాట సెమినార్లలో వినిపించదు. అమ్మ గురించి ఆలోచించడం పిల్లలకు అడ్డుపడడం ఎలా అవుతుంది? ఆవిడ ఈ ఇంటి మనిషి. ఆవిడకు చోటు లేని పథకం మీ కుటుంబానికి సగమే సరిపోయిందని ధైర్యంగా చెప్పండి.

తల్లిదండ్రులను కలుపుకునే దేశాలు ఉన్నాయి. పోర్చుగల్‌లో ఐదు లక్షల యూరోలు ఫండ్‌లో పెట్టి, సగటున ఏడాదికి ఏడు రోజులుంటే నివాస అనుమతి నిలుస్తుంది. అక్కడ ఇల్లు కొనే దారి 2023 అక్టోబరులోనే మూసేశారు. గ్రీస్‌లో ఇంకా ఇల్లు కొనొచ్చు, ఏథెన్స్ లాంటి చోట్ల ఎనిమిది లక్షల యూరోలు, చాలా ప్రాంతాల్లో నాలుగు లక్షలు. కానీ ఇవి అమెరికాలో చదివే అమ్మాయికి ఏ రకంగానూ ఉపయోగపడవు. మీ ఇంటి అవసరం అది కానప్పుడు ‘ఏదో ఒక దేశం’ అని కొనొద్దు. ఈ పథకాల ఆయుష్షు కూడా చూడండి: బ్రిటన్ ఇన్వెస్టర్ వీసాను 2022లో, ఐర్లండ్ 2023లో, స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో మూసేశాయి. మాల్టా పౌరసత్వం అమ్మడం చెల్లదని అదే నెలలో యూరప్ కోర్టు తీర్పిచ్చింది.

మీవారికి నిజంగా బయటి దేశంలో వ్యాపారం చేయాలన్న కోరిక ఉందా? మీ ఉత్తరంలో ఒక చోట, ప్లాస్టిక్ పూత లేకుండా తడికి నిలిచే అట్ట గురించి ఆయన రాత్రిళ్లు కూర్చుని లెక్కలు వేసేవారని రాశారు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. స్టార్టప్ వీసాలు పుట్టింది అలాంటి మనిషి కోసమే. బ్రిటన్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఇన్నోవేటర్ ఫౌండర్ వీసా ఉంది, పాత 50 వేల పౌండ్ల నిబంధన ఎత్తేశారు. ఆలోచన కొత్తదని, నడిచేదని, పెరిగేదని గుర్తింపు పొందిన సంస్థను ఒప్పించాలి. ఏడాదికోసారి వాళ్ల ముందు కూర్చుని పని ఎంతవరకు వచ్చిందో చూపాలి. మూడేళ్లకు స్థిరనివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆయన అక్కడే ఉండి రోజూ పనిచేయాలి. 18 దాటిన అమ్మాయి ఇందులో రాదు, అమ్మగారూ రారు. పిల్లల కోసమైతే ఇది దారి కాదు. ఆయన కోసమైతే ఆలోచించొచ్చు. ‘ఏదో యాప్’ కంపెనీలో ఐదోవాడిగా కూర్చున్న మనిషికి తన ఆలోచన గురించి ఎవరైనా అడిగి ఎన్నాళ్లైందో.

ఏ పథకానికీ వెళ్లకుండా ఉండిపోవడం కూడా ఒక నిర్ణయమే. అప్పుడు అమ్మాయి చదువు పూర్తిచేసుకుని అందరు విద్యార్థుల్లాగే ఉద్యోగం, వర్క్ వీసా దారిలో తన ప్రయత్నం తాను చేసుకోవాలి. అది అనిశ్చితమైన దారి, దాచను. స్థలం మాత్రం మిగులుతుంది, రేపు ఆమెకే పెద్ద చదువుకు అవసరపడొచ్చు.

ముందు అమ్మాయికి ఫోన్ చేయండి, మీవారు పక్కనుండగానే. ‘అమ్మమ్మ సంగతీ డబ్బు సంగతీ పక్కనపెట్టి చెప్పు, చదువయ్యాక నీకు ఎక్కడ ఉండాలని ఉంది?’ అని అడిగి, ఇద్దరూ మధ్యలో అందుకోకుండా వినండి. తర్వాత కన్సల్టెంట్‌కు మీవారి చేత మెయిల్ పెట్టించండి: కెనడాకు వెళ్లిన కాగితాల నకళ్లు, అమెరికా దగ్గర మధ్యవర్తిగా నమోదైన రుజువు, కమిషన్ కాగితం. గిఫ్ట్ డీడ్‌లో తేదీ ఇంకా ఖాళీగానే ఉందన్నారు, ఈ జవాబులన్నీ వచ్చేదాకా దాన్ని అలాగే ఉండనివ్వండి. అమ్మాయి ఏమందో నాకు మళ్లీ రాయండి.